బాంబ్ షెల్టర్లో ఓనరుగారి దేవుడు

సింగపూర్లో ఇళ్ళు అద్దెకిప్పించే పనిలో నా చెప్పులు ఎన్ని జతలు అరిగాయో లెక్కలేదు. రిటైరయ్యాక కూడా ఫోన్లు ఆగలేదు. ఎక్కువగా మీ వయసువాళ్ళే చేస్తారు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలుంటాయి, రెండో ఇల్లు కొని ఉంటారు, దాన్ని అద్దెకివ్వాలి. "ఏజెంటెందుకు ఆంటీ, మేమే చూసుకుంటాం. ఏ తప్పులు చెయ్యకూడదో చెప్పండి చాలు" అంటారు.

చెప్తాను. అద్దెకొచ్చేవాళ్ళ వీసా పాసులు సరిచూసుకోండి. తాళాలిచ్చే ముందు గోడల్నీ నేలనీ ఫోటోలు తీసుకోండి. ఏసీ సర్వీసింగు ఎవరు చేయించాలో ముందే మాట్లాడుకోండి. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సలహాలే, వీటిలో ఒకటి తప్పినా కొంపలేం మునిగిపోవు. అసలు తప్పు వేరే ఉంది. దాన్ని మనవాళ్ళు ప్రేమగా చేస్తారు, ప్రసాదం చేతిలో పెట్టి మరీ చేస్తారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ సంగతే చెప్తాను. కోపంగానే చెప్తాను, మీరే సర్దుకోండి.

నేను పని మానేయడానికి కొద్దికాలం ముందు మాట. గుంటూరు వైపు దంపతులు, నాకు చాలాకాలంగా తెలిసినవాళ్ళు. ఆయన బ్యాంకులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. ఆవిడ నన్ను వదినా అని పిలిచేది, గోంగూర పచ్చడి పెడితే నాకో సీసా పక్కన తీసి ఉంచేది. కొడుకు పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరూ తంజోంగ్ పగార్‌లో కొడుకింటికి మారిపోయారు. పాసిర్ రిస్‌లో సొంత కాండో ఫ్లాటు ఖాళీ అయింది. ఏజెంటు ఎందుకు, తెలుగు గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే సరిపోతుంది అనుకున్నారు. సరిపోయింది కూడా. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక యువజంట దొరికింది. అబ్బాయిదీ అమ్మాయిదీ ఐటీ ఉద్యోగాలే, కొత్తగా పెళ్ళయింది.

అద్దెకిచ్చే ముందు ఆ అమ్మాయిని ఎన్ని రకాలుగా ప్రశ్నించారో నాకు ఆవిడే గర్వంగా చెప్పింది. మీదే ఊరమ్మా, మీ ఇంటిపేరేంటి, మీ మేనమామగారింటి పేరేంటి, మీరు ఆదివారం ఏం వండుకుంటారు. ఇలా చుట్టూ తిరిగి తిరిగి కులం దగ్గర ఆగే ప్రశ్నలు మీకూ తెలుసు. జీతం స్లిప్పు మాత్రం అడగలేదు. "అడిగితే ఏం బాగుంటుంది వదినా, మనవాళ్ళేగా" అంది.

అసలు చిక్కు ఆ ఇంట్లోని దేవుడితో వచ్చింది. ఇక్కడ చాలా ఫ్లాట్లలో ఒక చిన్న గది ఉంటుంది. యుద్ధమొస్తే దాక్కోవడానికని మందపాటి కాంక్రీటు గోడలతో, ఇనుప తలుపుతో కట్టిస్తారు. బాంబ్ షెల్టర్ అంటాం. యుద్ధమేదీ రాలేదు కాబట్టి చైనీయులు అందులో సూట్‌కేసులు పెట్టుకుంటారు, మనవాళ్ళు దేవుణ్ణి పెట్టుకుంటారు. వీళ్ళ ఫ్లాటులో ఆ గది సరిగ్గా ఈశాన్యంలో పడింది. ఆ ఒక్క కారణానికే ఆ ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం నాడు పంతులుగారు పంచలోహ విగ్రహాల్ని అందులో ప్రతిష్ఠ చేశారట. ఆ దేవుడు కూర్చున్నాకే ఆయనకు ప్రమోషన్లు వచ్చాయట, కొడుక్కి మంచి సీటు వచ్చిందట. కదిలిస్తే అరిష్టమని గుంటూరు సిద్ధాంతిగారు ఫోన్లో చెప్పారట. కాబట్టి ఇల్లు అద్దెకిచ్చారు గానీ దేవుణ్ణి అక్కడే ఉంచేశారు. ప్రతి శుక్రవారం వచ్చి దీపం పెట్టుకుని పోతామని ఆ జంటకు నోటిమాటగా చెప్పారు. దేవుడున్న ఇల్లు దొరికింది కదా అని ఆ పిల్లలు కూడా సంతోషంగానే తలూపారు.

ఇదంతా అయ్యాక ఆయన నాకు అగ్రిమెంటు చూపించారు. ఇంటర్నెట్‌లోంచి దించుకున్న నమూనా. ఫ్లాటు మొత్తం అద్దెకిస్తున్నామని ఉంది. అద్దెకున్నవాళ్ళను ఏ అంతరాయమూ లేకుండా ఉండనిస్తామని ఉంది. ముందుగా చెప్పకుండా, వాళ్ళు ఒప్పుకోకుండా లోపల అడుగుపెట్టమని కూడా ఉంది. షెల్టర్ గది ఊసే లేదు. "దేవుడి సంగతి ఇందులో రాయండి, లేదంటే దేవుణ్ణి మీ వెంట తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన నవ్వారు. "మనలో మనకి ఇవన్నీ రాసుకోవడం ఏం బాగుంటుందండీ? మీరు మరీ ఇంగ్లీషువాళ్ళలా మాట్లాడతారు" అన్నారు. జీవితమంతా ఇతరుల సంతకాలు సరిచూసి జీతం తీసుకున్న మనిషి, తను సంతకం పెట్టిన కాగితాన్ని ఒక్కసారి చదవలేదు.

కొన్ని నెలలు గడిచాక, తెలుగు గ్రూపువాళ్ళ పండగలో నాకు పరిచయమైన ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఒకసారి కలవాలంది. పాసిర్ రిస్ హాకర్ సెంటర్లో, ఆ తిండి కొట్ల మధ్య, ఒక టేబులు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకోసం సీటు చోప్ చేసి, అంటే ఆపి ఉంచి, కూర్చుంది. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. చూడగానే అర్థమైంది, కడుపుతో ఉందని.

"కంగ్రాట్స్ తల్లీ" అన్నాను.

"థాంక్యూ ఆంటీ" అంది గానీ మొహంలో నవ్వు నిలవలేదు. "జెర ఒక మాట అడగాలె. మీరు తప్పుగ అనుకోవద్దు. శుక్రవారం ఓనరాంటీ వస్తది గదా."

"దీపం పెట్టుకుని వెళ్ళిపోతుంది కదా?"

"దీపం ఒక్కటే అయితే మంచిగుండు."

అప్పుడు చెప్పింది. ఆవిడ తంజోంగ్ పగార్ నుంచి ట్రైన్లో జనాన్ని రాసుకుంటూ వస్తుంది కాబట్టి మడి ఉండదు. అందుకని తన తాళంతో తలుపు తీసుకుని నేరుగా వీళ్ళ బెడ్‌రూంలోంచి వీళ్ళ బాత్రూంలోకి వెళ్ళి తలస్నానం చేస్తుంది. అక్కడి షాంపూ పక్కకు జరిపి, వీళ్ళ తువ్వాళ్ళు తనకు తగలకుండా తీసి మంచం మీద పడేస్తుంది. పట్టుచీర కట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, ముందు రోజు వండిన చికెన్ గిన్నె ఫ్రిజ్‌లో ఉంటే అది మూసిందో లేదో చూసి, నైవేద్యం వండుతుంది. ఆ అమ్మాయి శుక్రవారాలు ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆఫీసు మీటింగు నడుస్తుంటే వెనక నుంచి గంట మోగుతుంది. ఒకసారి వాళ్ళ బాసు, "యువర్ సైడ్ గాట్ టెంపుల్ ఆ?" అని అందరి ముందూ అడిగాడట.

"ఇంగొకటి ఆంటీ" అని ఆగిపోయింది. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పింది. "నెలసరి రోజులల్ల నేను మెసేజ్ పెట్టాల్నంట, ఈ వారం రావొద్దని. ఒకపారి నాకు డేటు ముందుకొచ్చింది. ఆంటీ పూజల కూసున్నంక చెప్పిన. గంగాజలం చల్లుకుంట ఇల్లంత తిరిగింది. మా ఆయన ముందట్నే. నేను రూములకెల్లి బయటకు రాలే."

 నెలనెలా అద్దె తీసుకుంటూ, ఆ అద్దె కడుతున్న పిల్ల ఒంటి లెక్క కూడా తనకు అప్పజెప్పమనే ఓనరును నేను అంతవరకూ చూడలేదు. చైనీస్ ఓనర్లను చూశాను, మలయ్ ఓనర్లను చూశాను, కర్టెన్ మీద మరక పడితే నాతో గంటలు గొడవపడిన తెల్లవాళ్ళనూ చూశాను. ఇది మాత్రం మనవాళ్ళకే సాధ్యమైంది.

"మీ ఆయన ఏమంటాడు?" అని అడిగాను.

"మంచోళ్ళే గదా అంటడు. పులిహోర తెస్తరు, అంకుల్ పైపులు లీకైతె ప్లంబర్ను పంపిస్తడు అంటడు. పెద్దోళ్ళకు ఎట్ల చెప్తం అంటడు."

మంచివాళ్ళే. నా కోపమంతా అక్కడే. చెడ్డవాళ్ళయితే ఆ పిల్ల మొదటి వారమే తాళం మార్చేసేది.

నేను ఓనరుగారికి ఫోన్ చేశాను. మీ అగ్రిమెంటులోనే ఇలా ఉందండీ, ఇది తప్పండీ అని నెమ్మదిగా చెప్పాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "ఆ అమ్మాయికి ఇబ్బందిగా ఉంటే మాతో చెప్పాలిగానీ మీదాకా రావడమేంటండీ? మా ఆవిడ దాన్ని కూతురిలా చూసుకుంటోంది" అన్నారు. కూతురి స్నానాలగదిలోని తువ్వాళ్ళు ఎవరైనా మంచం మీద పడేస్తారా అని అడిగాను. ఆయన ఫోన్ పెట్టేశారు. మా ఆఫీసులో నా పక్క సీటు చైనీస్ ఆవిడకు ఈ సంగతి చెప్తే, తింటున్న నూడుల్స్ పక్కన పెట్టి, "దే రెంట్ అవుట్ హౌస్, ఆర్ దే రెంట్ అవుట్ టెంపుల్ విత్ బెడ్రూమ్?" అంది. నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గు కూడా వేసింది, నవ్వింది మనవాళ్ళను చూసి కదా.

ఆ తర్వాత శుక్రవారం స్నానం మాత్రం ఆగింది. ఓనరావిడ తన ఇంటి దగ్గరే స్నానం చేసి, పట్టుచీర సంచిలో తెచ్చుకుని, వీళ్ళ గదిలో మార్చుకునేది. అది తాను చేసిన పెద్ద త్యాగమని నాకు ఫోన్ చేసి చెప్పుకుంది.

సీమంతానికి నేనూ వెళ్ళాను. ఓనరావిడ బోలెడు గాజులు తెచ్చింది. ఆ పిల్ల చేతులకు ఒక్కొక్కటీ నొప్పి తెలియకుండా తొడిగింది, గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఆ చేతుల్లోని ప్రేమ నటన కాదు, నా కళ్ళతో చూశాను. గాజులు తొడగడం అయ్యాక అడిగింది, "కాన్పుకి ఊరెళ్తావుగా అమ్మాయ్? మొదటి కాన్పు పుట్టింట్లోనేగా."

"లేదాంటీ. ఈడనే. మా అమ్మ లేదు గదా, నేను కాలేజీల ఉన్నప్పుడే పోయింది. నాయిన మా అన్న దగ్గర ఉంటడు, ఆళ్ళదే ఒక్క బెడ్‌రూము. అత్తమ్మకు మోకాళ్ళ ఆపరేషనైంది, తర్వాత వస్తది. మాకు గీ ఇల్లే."

ఆవిడ చెయ్యి ఆ పిల్ల గడ్డం మీదే ఆగిపోయింది.  ఆ ఆగిపోవడం దేనికో నాకు అప్పుడే తట్టింది. పురుడు. ఆవిడ దేవుడున్న ఇంట్లోకి పురిటి మైల వస్తుంది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇంటికి తీసుకెళ్ళే రోజున అబ్బాయి నన్ను కారు తెస్తారా ఆంటీ అని అడిగాడు. ఇంకెవరున్నారు వాళ్ళకి, వెళ్ళాను. దారంతా ఆ అబ్బాయి ఫోనే చూసుకుంటూ కూర్చున్నాడు. కాండో కింద లిఫ్టు దగ్గర బ్యాగులు దించాక, భార్యను చూడకుండా నన్ను చూసి చెప్పాడు.

"ఆంటీ, జెర ఆగున్రి. పైన ఓనరాంటీ ఉన్నరు. దేవుడున్న ఇల్లు గదా, పురుడు పొయ్యేదాంక హోటల్ల ఉండమంటున్రు. రూము ఆళ్ళే బుక్ చేసిన్రు, మంచి హోటలే. దేవుణ్ణి తీద్దామంటే ఇప్పుడు మంచి రోజులు లెవ్వంట."

ఆ పిల్ల లిఫ్టు తలుపు వైపే చూస్తూ అడిగింది, "నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

"ఎప్పుడు?"

వాడు నేల చూపులు చూశాడు. "నువ్వు లేబర్ రూముల ఉన్నప్పుడు ఫోన్ చేసిన్రు."

ఆ క్షణంలో నాకు ఆ అబ్బాయి చెంప పగలగొట్టాలనిపించింది. కుట్లు పచ్చిగా ఉన్న పిల్ల, పొత్తిగుడ్డలో చంటిది, పైన సొంత మంచం. వీడేమో పెద్దవాళ్ళు బాధపడతారని హోటలుకు ఒప్పుకుని వచ్చాడు. ఆ పిల్ల నావైపు తిరిగి, "ఆంటీ, కాగితం ప్రకారం నేను పైకి పోవచ్చునా?" అని అడిగింది.

"నీ ఇల్లు తల్లీ. నిన్ను ఆపే హక్కు ఎవరికీ లేదు" అన్నాను. తనే లిఫ్టు బటన్ నొక్కింది.

తలుపు తీసే ఉంది. లోపలి సన్నని దారిలో ఓనరావిడ జుట్టు ముడివేసుకుని, పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. వెనకాల షెల్టర్ ఇనుప తలుపు తెరిచి, లోపల దీపాలు వెలుగుతున్నాయి. అగరొత్తుల వాసన లిఫ్టు దాకా కొడుతోంది.

"వచ్చావా తల్లీ? మహాలక్ష్మి పుట్టిందంటగా" అంది నిజంగానే మొహం వెలిగిపోతూ. "ఏమనుకోమాకమ్మా. అంకులు అంతా చెప్పి ఉంచారు. హోటల్లో నీకు పథ్యం నేనే వండి పంపిస్తాను. పురుడు వెళ్ళాక దర్జాగా ఇంటికొద్దువుగాని."

నేను ఊరుకోలేకపోయాను. "పురుడు జ్ఞాతులకు పడుతుందండీ. అద్దెకున్నవాళ్ళ పురుడు ఓనర్లకు అంటుకుంటుందని ఏ పంతులు చెప్పాడు మీకు?"

"ఏంది వదినా అలాగంటావు? ఇల్లు మాది కాదూ? మా ఇంట్లో పురుడు మాకు కాకుండా పోతుందా?"

"అయితే పిల్ల కూడా మీదేనన్నమాట. రాత్రుళ్ళు లేచి మీరే ఎత్తుకుంటారా?"

ఆవిడ నాకు జవాబు చెప్పేలోపు ఆ పిల్ల చెప్పులు విడిచి లోపలికి అడుగేసింది. పరుగు లేదు, అరుపు లేదు. బిడ్డను గుండెకు హత్తుకుని, నొప్పికి కొంచెం వంగి, నెమ్మదిగా నడిచింది. దారి సన్నం. పక్కకు తప్పుకునే చోటు లేదు.

"అమ్మాయ్! ముట్టుకోమాక! మడిలో ఉన్నా!" అంది ఆవిడ వెనక్కి ఒక అడుగు వేసి.

ఆ పిల్ల ఇంకో అడుగు వేసింది. ఆవిడ ఇంకో అడుగు వెనక్కి వేసింది. నేను బ్యాగు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. అన్నాళ్ళూ ఆ పిల్లను గదిలోంచి బయటికి రానివ్వని మడి, ఇప్పుడు ఆవిణ్ణే వెనక్కి నెట్టుకుంటూ పోతోంది. అలా వెనక్కి నడిచీ నడిచీ ఆవిడ షెల్టర్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఆ గుమ్మం దాటి హాల్లోకి వచ్చి, సరిగ్గా ఎదురుగా ఉన్న సోఫాలో దిండు పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ బయటికి రావాలంటే ఆ సోఫాను రాసుకునే రావాలి. లోపల దేవుడు, ఎదురుగా బాలింత. కాంక్రీటు గది కావడంతో లోపల ఫోన్ సిగ్నల్ కూడా లేదు. భర్తకు ఫోన్ చేద్దామని చెయ్యి ఒక్కటే బయటికి పెట్టి, ఫోన్ గాల్లో ఊపి, మళ్ళీ లోపలికి లాక్కుంది. నేనయితే పగలబడి నవ్వేదాన్నే. కానీ ఆ పిల్ల మొహం చూశాక నవ్వు రాలేదు. నొప్పికి పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"ఆంటీ, లోపట ఉక్కపోస్తది. బయటకు రాండ్రి" అంది.

"నువ్వు లేచి ఆ గదిలోకి వెళ్తే వస్తానమ్మా."

"నేను లేవను ఆంటీ. నాతోని కాదు."

అంతలో చంటిది ఏడుపు మొదలుపెట్టింది. ఆ పిల్ల పాలివ్వబోయింది. బిడ్డ పట్టుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ జారిపోయింది. ఏడుపు పెరిగింది. తల్లికి చెమటలు పట్టాయి. నాకు పిల్లల్లేరు, నాకేం తెలుసు, దిండు సర్దడం తప్ప ఏం చేయలేకపోయాను. అబ్బాయి మంచినీళ్ళ గ్లాసుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

షెల్టర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది. "తల కాదమ్మా, మెడ కింద పట్టుకో. నువ్వు దానిమీదికి వంగమాక, దాన్నే నీ దగ్గరికి తెచ్చుకో."

ఆ పిల్ల చెప్పినట్టే చేసింది.

"పెద్దగా నోరు తెరిచిందాకా ఆగు. ఆఁ, ఇప్పుడు. కంగారు పడమాక. మొదట అందరికీ అంతే, నాకూ అంతే."

ఏడుపు ఆగింది. బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు హాలంతా వినిపించింది. ఆ పిల్ల కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. లోపలి నుంచి, "పట్టిందా?" అని అడిగింది ఆవిడ.

"పట్టిందాంటీ."

మీరు ఇక్కడ కరిగిపోతారని నాకు తెలుసు. నేను కరగలేదు. నాకు కోపం రెట్టింపయింది. బాలింతకు ఏం కావాలో ఇంత బాగా తెలిసిన మనిషి, ఇన్ని కాన్పులు చూసిన మనిషి, తెలిసి తెలిసీ ఈ పిల్లను హోటలుకు పొమ్మంది. తెలియనివాళ్ళు చేసే తప్పును నేను క్షమించగలను. ఇన్నేళ్ళ పనిలో అలాంటివి బోలెడు క్షమించాను. దీన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

బిడ్డ నిద్రపోయాక ఆవిడ నెమ్మదిగా అంది, "కాస్త కాళ్ళు పైకి తీసుకో అమ్మాయ్, నేను వెళ్తాను."

ఆ పిల్ల కదల్లేదు. "దేవుణ్ణి గూడ తీస్కపోండి ఆంటీ."

"అదెట్టా కుదురుతుందమ్మా? మంచిరోజు చూడాలి, పంతులుగారిని అడగాలి..."

"ఇయ్యాల మంచిరోజే ఆంటీ. నా బిడ్డ ఇంటికొచ్చిన రోజు."

గొంతు పెంచలేదు. బిడ్డ మొహం మీంచి చూపు కూడా తిప్పలేదు. ఆవిడ గుమ్మంలో అలా నిలబడే ఉంది. ఏదో ఒకటి అంటుందని నేను ఎదురుచూశాను. సిద్ధాంతిగారి పేరు ఎత్తుతుందేమో, భర్తను పిలిపిస్తుందేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. దీపాలు కొండెక్కాయి, అగరొత్తుల వాసన నెమ్మదిగా తగ్గింది. కదిలిస్తే అరిష్టమన్న విగ్రహాల్ని ఒక్కొక్కటిగా తుండుగుడ్డలో చుట్టి, పట్టుచీర తెచ్చుకున్న సంచిలోనే పెట్టుకుని బయటికి వచ్చింది. అప్పుడు ఆ పిల్ల కాళ్ళు రెండూ సోఫా మీదికి ముడుచుకుని దారి ఇచ్చింది. ఆవిడ పోతూ పోతూ చంటిదాని వైపు ఒక్కసారి చూసింది. ముట్టుకోలేదు.

మర్నాడు ఓనరుగారు నాకు ఫోన్ చేశారు. ఆయన గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇల్లు వెంటనే ఖాళీ చేయించమన్నారు. తెలుగువాళ్ళందరికీ చెప్తానన్నారు. "మా ఇంట్లోంచి మా దేవుణ్ణే వెళ్ళగొట్టింది, చూశారా!" అన్నారు.

"చూశానండీ. అక్కడే ఉన్నాను. బాలింతను గుమ్మంలో నిలబెట్టిందీ చూశాను" అన్నాను. "అందరికీ చెప్పండి. మీరు చెప్పగా మిగిలింది నేను చెప్తాను."

ఆయన ఎవరికీ చెప్పలేదు. గడువు ముగిసేదాకా ఆ ఇంటికి మళ్ళీ ఏ శుక్రవారమూ ఎవరూ రాలేదు. గోంగూర పచ్చడి సీసా నాకూ ఆగిపోయింది. ఆ రుచి తలుచుకుంటే కొంచెం బాధే, అబద్ధమెందుకు.

కాబట్టి రెండో ఇల్లు కొన్న పిల్లలూ, నేను చెప్పేది ఇంతే. పాసులు, ఫోటోలు, ఏసీలు మీరు ఎలాగూ చూసుకుంటారు. అద్దెకిచ్చాక ఆ ఇల్లు మీది కాదని ఒప్పుకోవడం మీవల్ల అవుతుందా? మీ దేవుణ్ణి, మీ వాస్తును, మీ జ్ఞాపకాల్ని, మీ మైలల్ని వెంట తీసుకుపోగలరా? అది చేతకాకపోతే ఇల్లు ఖాళీగా ఉంచుకోండి, ఎవరికీ నష్టం లేదు. చేతకాకుండా అద్దెకిస్తే మాత్రం మీరు మనవాళ్ళనుకున్నవాళ్ళ మీదే విరుచుకుపడతారు. బయటివాళ్ళ ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్ళే ధైర్యం మీకు ఎలాగూ లేదు.

గడువు ముగిశాక ఆ జంట ఇల్లు మారింది. నేను చూపించిన ఆఖరి ఇల్లు వాళ్ళకే. సెంబవాంగ్‌లో పాత ఫ్లాటు, ఓనరు ఒక చైనీస్ ముసలాయన, నిక్కరు వేసుకుని తలుపు తెరిచాడు. ఈసారి మాట్లాడింది అబ్బాయి కాదు. ఆ పిల్లే బిడ్డను చంకనేసుకుని ముందు నిలబడింది. లోపల వంటగది ఎలా ఉందో, గాలి వస్తుందో లేదో ఏమీ చూడలేదు. చెప్పులు కూడా విప్పకుండా బయటే ఆగి, ఇంగ్లీషులో అడిగింది, "అంకుల్, మీ సామాను ఏమన్నా లోపల వదిలిపెడతారా?"

ఆయనకు ప్రశ్న వింతగా తోచింది. వెనక్కి తిరిగి ఇల్లంతా ఒకసారి చూశాడు. "నో లా. ఆల్ ఎంప్టీ ఆల్రెడీ. ఓన్లీ గాట్ వన్ కర్టెన్. యూ డోంట్ వాంట్, ఐ టేక్."

"కర్టెన్ ఓకే అంకుల్" అని నవ్వింది ఆ పిల్ల. చాలాకాలం తర్వాత చూశాను ఆ నవ్వు. చెప్పులు విప్పి, బిడ్డను గుమ్మం లోపల నేల మీద దింపింది. అప్పుడప్పుడే పాకడం నేర్చిన ఆ చంటిది మా ఎవరి మొహాలూ చూడకుండా, ఎవరినీ అడక్కుండా, చరచరా లోపలి గదిలోకి పాక్కుంటూ వెళ్ళిపోయింది.